ఉదయం నలభై నిమిషాలు

పోయిన వారం ఎర్లిందాని మనం ఎత్తైన కొండమీది ఊరు ఎల్ ఆల్తోలో, మట్టి మైదానంలో, తెల్లవారుజామున, ఏడో చుట్టులో వదిలిపెట్టాం. ఫిజియోథెరపీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ పిల్ల రెండు నెలల క్రితం ఆస్పత్రి వాలుదారిలో రోగి చక్రాల కుర్చీని తోస్తూ కళ్ళు తిరిగి కూలబడింది. పరగడుపున రక్తం తీసి చూస్తే నూటపదహారు. ఇంకెక్కడైనా శుభమేమో గానీ చక్కెర లెక్కలో ఆ అంకె శుభం కాదు. "మందులు ఇప్పుడే వద్దు. రోజూ నలభై నిమిషాలు ఒళ్ళు కదిలించు. మూడు నెలలయ్యాక మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆరు వారాల్నుంచి ఎర్లిందా ఇంట్లో అబద్ధం చెప్పి, చీకట్లో లేచి పరిగెడుతోంది. ఆ ఏడో చుట్టులో గోలుపోస్టు పక్కన ఒక ఆకారం కనిపించింది. కుచ్చెళ్ళ పావడా, భుజాల మీద శాలువా, నెత్తిన నల్లటోపీ. అది ఆమె తల్లి ప్రిమితివా.

"ఎన్ని చుట్లు?" అంది ప్రిమితివా.

ఎర్లిందా కాళ్ళు మాత్రం ఆగలేదు. నిలబడ్డ చోటే గెంతుతూ "తొమ్మిది" అంది. "ఇంకా రెండున్నాయి."

"అయితే తిరిగిరా. సగంలో ఆపితే పిక్కలు పట్టేస్తాయని వీధిలో అందరికీ చెబుతావుగా. తర్వాత మాట్లాడుకుందాం."

ఆ రెండు చుట్లూ ఎర్లిందాకి రెండు కొండలెక్కినట్టయింది. మొదటి వారంలో ఒక్క చుట్టుకే ఊపిరి గుండెలో ఇరుక్కుపోయేది. ఆ ఎత్తులో గాలి పిసినారిది, అడిగినంత ఇవ్వదు. ఆరు వారాల్లో ఒకటి రెండయింది, రెండు నాలుగయింది, నాలుగు తొమ్మిదయింది. కానీ ఇవాళ ఊపిరికన్నా ముందు ఆలోచన పరిగెడుతోంది. అమ్మకి ఎవరు చెప్పారు? ఏం చెప్పాలి? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

అసలు ఆ నలభై నిమిషాలు దొరకడమే ఒక కథ. నాలుగింటికి లేవాలి. వీధి మూలన తల్లి నడిపే అపి అనే వేడిజావ బండికి రాత్రి నానేసిన ఊదా మొక్కజొన్న పిండిని గుడ్డలో వడకట్టాలి, దాల్చినచెక్క, లవంగం వేసి కాగు పొయ్యి మీదికెక్కించాలి. ఆరున్నరకి కేబుల్ కారెక్కి కింద పట్నం లా పాస్‌లోకి దిగితే ఏడున్నరకి క్లాసు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం నిలబడే తినడం. రెండు నుంచి ఆరు దాకా ఆస్పత్రిలో ప్రాక్టికల్స్. ఇంటికొచ్చేసరికి ఏడు. ఆ పైన పుస్తకం. మధ్యాహ్నం నడుద్దామంటే ఖాళీ లేదు. సాయంత్రం పరిగెడదామంటే ఆ వీధుల్లో కుక్కలు తనకన్నా బాగా పరిగెడతాయి. ఆస్పత్రిలో లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది గానీ అది పది నిమిషాలు కూడా కాదు. మిగిలింది తెల్లవారుజాము ఒక్కటే. అదేమో అమ్మ పని వేళ.

అందుకే అబద్ధం. "నోయెమీ వాళ్ళింట్లో కలిసి చదువుకుంటాం, ఐదున్నరకల్లా వచ్చేస్తా" అంది. రెండో రోజు భయపడుతూ వచ్చి చూస్తే పిండి వడకట్టి ఉంది, కాగు పొయ్యి మీదుంది. మూడో రోజూ అంతే. ఇది మేనత్త బెనితా చలవే అనుకుంది ఎర్లిందా. నాన్న చెల్లెలు బెనితా వెనక గదిలోనే ఉంటుంది, బండి దగ్గర చీజు పూరీలు వేయిస్తుంది. పరుగు సంగతి, చక్కెర సంగతి ఇంట్లో ఆమె ఒక్కదానికే చెప్పింది ఎర్లిందా.

తొమ్మిదో చుట్టు అయిపోయింది. ఎర్లిందా వచ్చి తల్లి ఎదుట నిలబడి, మోకాళ్ళ మీద చేతులాన్చి ఊపిరి పీల్చుకుంది.

"నోయెమీ వాళ్ళిల్లు బాగుందే" అంది ప్రిమితివా మైదానమంతా కలయజూసి. "గోలుపోస్టులు కూడా కట్టించుకున్నారు."

"అమ్మా..."

"రెండో రోజే తెలుసు నాకు. నీ బూట్ల అడుగున ఎర్రమట్టి. వాళ్ళదేమో సిమెంటు వీధి. మూడో రోజు వెనకాలే వచ్చా. చీకట్లో నువ్వలా పరిగెడుతుంటే ఎవడో తరుముతున్నాడనుకున్నా. చేతిలో గరిటె ఉంది. వాడి తల పగలగొడదామని ఈ గోడ వెనక పొంచి నిలబడ్డా. ఎంతసేపు చూసినా ఎవడూ రాడు. నువ్వు మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నావు."

ఎర్లిందాకి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. "మరి అడగలేదేం?"

"నువ్వు చెబుతావని చూశా. ఆరు వారాలు చూశా." ప్రిమితివా గొంతులో అప్పటిదాకా ఉన్న వెటకారం పోయింది. "పరిగెత్తినందుకు నాకు కోపం లేదే. రోజూ పొద్దున నా మొహంలోకి చూసి 'నోయెమీ ఇంటికెళ్తున్నా' అంటావే, దానికి."

ఎర్లిందా తలొంచుకుంది. తూర్పున ఇల్లిమాని మంచుకొండ అంచు తెల్లబడుతోంది. మైదానం అవతల మొదటి మినీబస్సు కుర్రాడు ఊళ్ళ పేర్లు అరుస్తూ పోయాడు.

"పిండి ఎవరు వడకడుతున్నారనుకున్నావు ఇన్నాళ్ళూ?" అంది తల్లి.

"అత్త."

"మీ అత్తా? భూకంపం వచ్చినా ఐదింటికి ముందు మంచం దిగుతుందా మీ అత్త?"

"మరి నేను ప్రతి ఆదివారం ఆవిడకి థాంక్స్ చెబుతూనే ఉన్నానే. 'నాకెందుకే, మీ అమ్మకి చెప్పు' అనేది. మాట వరసకి అంటోందనుకున్నా."

"ఆ ఒక్కమాటా నిజమే చెప్పింది పాపం."

అప్పుడు ఎర్లిందాకి ఒకటొకటిగా అర్థమవడం మొదలైంది. పరుగు నుంచి రాగానే తన కోసం విడిగా మూతపెట్టి ఉండే గ్లాసు. అందులో తీపి ఉండేది కాదు. ఇంట్లో చక్కెర నిండుకుంటోందేమో, అమ్మ పొదుపు చేస్తోందేమో అనుకుని కిమ్మనకుండా తాగేది. కాగులో చక్కెర పోయకముందే అమ్మ తన వంతు తీసి పక్కన పెట్టేదన్నమాట. డబ్బాలో తెల్లన్నం తగ్గి చిక్కుడు గింజలు ఎక్కువైనది కూడా ఆరు వారాల్నుంచే. కాలేజీ, ఆస్పత్రి, మైదానం అన్నీ తానే తెలివిగా సర్దుకున్నానని లోలోపల మురిసిపోయింది. ఆ సర్దుబాటంతా ఒక మనిషి నిద్రలోంచి కోసుకొచ్చినదని ఒక్కరోజూ తట్టలేదు.

తల్లి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఎముకలు కొరికే చలిలో చన్నీళ్ళలో పిండి పిసికీ పిసికీ వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి సన్నగా ఎర్రగీతలు పడ్డాయి. రాత్రిళ్ళు అమ్మ ఆ చేతులకి కొవ్వు రాసుకోవడం చూసింది తను. ఎందుకని అడగలేదు.

"నాకేం మాట రావట్లేదమ్మా" అంది ఎర్లిందా.

"రాకపోతే మంచిదే. చేతులొదులు, చెమట." కానీ తను మాత్రం విడిపించుకోలేదు ప్రిమితివా. అలాగే అడిగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"నాన్న..." అని ఆగింది ఎర్లిందా. "నాన్న పోయాక చక్కెర జబ్బన్న మాట నువ్వు ఇంట్లో వినలేవు. ఎవరైనా అంటే లేచి వెళ్ళిపోతావు. నాకూ అదేనంటే ఏమైపోతావోనని. ఇంకా రాలేదమ్మా, గడప దగ్గరుంది, అంతే. లోపలికి రాకుండా తోసేద్దామని పరిగెడుతున్నా. తోసేశాక చెబుదామనుకున్నా."

ప్రిమితివా గోలుపోస్టుకి ఆనుకుంది. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. బయట ఆవిడ టోపీ తీయడం ఎర్లిందా చూసింది ఒకేసారి, నాన్న శవపెట్టె మీద మట్టి వేసిన రోజు.

"నేనెందుకు లేచి వెళ్ళిపోతానో తెలుసా నీకు?" అంది. "మీ నాన్న చివరి ఏడాదంతా దాహం దాహం అనేవాడు. మినీబస్సు దిగి రాగానే దాహం. అర్ధరాత్రి లేచి దాహం. పాపం రోజంతా ఎండలో నడుపుతాడు కదా అని నేను ఎండు పీచ్‌పళ్ళ నీళ్ళు కాచి, చక్కెర దిట్టంగా వేసి సీసాలకి పోసిచ్చేదాన్ని. ఎంత దాహమంటే అంత తీపి. నా చేత్తో పోశానే. ఆస్పత్రిలో పడుకోబెట్టాక చెప్పారు జబ్బు పేరు. అప్పటికి తొమ్మిది రోజులే మిగిలాయి."

నాలుగేళ్ళుగా ఈ మాట అమ్మ కడుపులో ఉందని ఎర్లిందాకి తెలియదు.

"నీకు తెలియదు కదమ్మా."

"తెలియదు. ఎవరూ చెప్పలేదు. అందుకే, చెప్పకుండా దాచడమంటే నాకు భయం. మీ నాన్నకి చేయలేనిది నీకు చేస్తున్నానే ఆరు వారాల్నుంచి. ఆ పిండి వడకడుతుంటే చేతులు మంట పుడతాయి, నిజమే. కానీ గుండెలో హాయిగా ఉంటుంది. ఇటు పిండి కారుతుంటుంది, అటు నువ్వు తిరుగుతుంటావు అనుకుంటా. అలాంటిది నువ్వు ఇవాళ్టితో మానేస్తావట కదా?"

ఎర్లిందా ఉలిక్కిపడింది. "అత్త చెప్పిందా?"

"చెప్పింది. అందుకే వచ్చా. లేకపోతే ఇంకా గోడవెనకే ఉండేదాన్ని."

"మానడం కాదమ్మా. మూడు వారాలు ఆపుతా. ఇవాళ ఏడున్నరకి కండరాల నోటిపరీక్ష. సోమవారం నుంచి పెద్దపరీక్షలు. నలభై నిమిషాలంటే రోజుకో పాఠం. ఎక్కణ్ణుంచి తేను?"

"మూడు వారాలు ఆపినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టడం ఎక్కడైనా చూశావా నువ్వు? మన వీధి చివర సగం కట్టిన గోడలన్నీ 'వచ్చే వారం' అన్నవాళ్ళవే." ప్రిమితివా టోపీ మళ్ళీ పెట్టుకుని, పావడా కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టింది. "కండరాలన్నావు కదా. అవెక్కడుంటాయి?"

"ఎక్కడేంటి, ఒంట్లో."

"ఒళ్ళు నాకూ ఉందిగా. పద."

"ఎక్కడికి?"

"నడవ్వే. నేను చూపిస్తా, నువ్వు పేరు చెప్పు. చదువు రాకపోతే వేలు చూపించడం కూడా రాదా?"

అలా ఆ మైదానంలో పదో చుట్టు మొదలైంది. ప్రిమితివా గబగబా నడుస్తోంది, ఎర్లిందా పక్కనే మెల్లగా పరుగు. తల్లి భుజం మీద తట్టుకుంది. "డెల్టాయిడ్" అంది కూతురు. "అదేం పని చేస్తుంది?" "చెయ్యి పక్కకి లేపుతుంది." "కాగు దించేది ఇదేనా?" "కాదు, దానికి ఇది, ఇంకా వీపులో ఇది." పిక్క చూపించింది. పేరు చెప్పింది. తొడ వెనక చూపించింది. అక్కడ మూడున్నాయి, రెండే గుర్తొచ్చాయి. "మూడోది ఏదే?" "ఉండమ్మా... ఉండు." సగం చుట్టు తిరిగేసరికి మూడోదీ దొరికింది. పుస్తకం ముందు కూచుని వారం రోజులుగా ఆ మూడింటినీ తారుమారు చేస్తోంది తను. ఇప్పుడు అమ్మ పావడా మీద చెయ్యి వేసి చూపించిన చోట అవి మేకు కొట్టినట్టు నిలిచిపోయాయి.

"రోజూ వస్తా" అంది ప్రిమితివా రొప్పుతూ. "పిండి ఇంకాస్త ముందే వడకట్టేస్తా. నీకు పాఠం, నాకు నడక. నాకూ మంచిదేగా?"

"నీకింకా మంచిది." ఎర్లిందా తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఈసారి ప్రిమితివా చెమట అనలేదు. మంచుకొండ మీద ఎండ పడింది. ఎర్లిందాకి ఆ క్షణాన ఆకలి, చలి, పరీక్ష ఏవీ లేవు. తనకోసం ఒకరు లేచి ఉన్నారన్న సంగతి ఒక్కటే ఉంది.

గేటు దగ్గరికొచ్చాక ప్రిమితివా రవికలో చెయ్యి పెట్టి నాలుగు మడతల కాగితమొకటి తీసింది. "ఇదిగో, ఇంక నాకెందుకు. నీ చీటీ నువ్వే పెట్టుకో."

"ఏం చీటీ?"

"రక్తం చీటీ. నువ్వు పరుగు మొదలుపెట్టిన వారమే, ఉతకబోతే గోధుమరంగు స్వెట్టరు జేబులో దొరికింది. లారుటా అన్న మన ఇంటిపేరు నేనూ గుర్తుపడతాను, మీ నాన్న బస్సు అద్దం మీద పదిహేనేళ్ళు చూశాగా. మిగతాది బెనితా చేత చదివించుకున్నా. 'ఎర్లిందాదే వదినా. చక్కెర గడప దగ్గరుందట, పరిగెత్తమన్నారట. అడగొద్దు, తనే చెబుతుంది' అంది."

ఎర్లిందా నడక ఆపింది. "నా చీటీ నా అనాటమీ పుస్తకంలో ఉందమ్మా. నిన్న కూడా చూశా."

"మరి ఇది?"

కాగితం విప్పింది. తన కాలేజీ పిల్లలు వీధి కమ్యూనిటీ హాల్లో శిబిరం పెట్టి ఉచితంగా పరీక్షలు చేసినప్పుడు ఇచ్చిన చీటీ అది. అత్తని తనే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది ఆ రోజు. బయటికొచ్చి "గుర్రంలా ఉన్నానట" అని నవ్వింది అత్త. బండి దగ్గరికి ఎవరు వెళితే వాళ్ళు వేసుకునే స్వెట్టరు ఆ గోధుమరంగుది.

పేరు: బెనితా లారుటా. వయసు నలభై ఒకటి. చక్కెర: మూడువందల పన్నెండు. కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, 'ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి' అని రాశారు.

పైకి చదివింది ఎర్లిందా. ప్రిమితివా చాలా నెమ్మదిగా అంది. "ఇందాక బయల్దేరుతుంటే, 'మైదానానికి పోతున్నా, ఆ చీటీ కూడా దాని చేతికిచ్చేస్తా' అన్నా. దాని మొహం పాలిపోయింది. 'చీటీ ఎందుకు వదినా, ఇక్కడ పెట్టెళ్ళు' అని రెండుసార్లు అడిగింది. పని తొందరలో పట్టించుకోలేదు నేను."

ఇద్దరూ గబగబా బండి దగ్గరికి వచ్చారు. గ్లాసులు పట్టుకుని ఆరేడుగురు వరసలో ఉన్నారు. కాగు పొంగి పొయ్యి మీద ఊదారంగు చారలు కట్టింది. నూనె మూకుడు దించి కింద పెట్టి ఉంది. గరిటె మాత్రం పక్కబండి రొట్టెల ఎలోదియా చేతిలో ఉంది.

"వచ్చావా అక్కా" అంది ఎలోదియా. "బెనితా ఈ గరిటె నా చేతికిచ్చి, వదినొస్తే ఇమ్మంది. వీపుకి మూట కట్టుకుని పోయింది. పటకమాయ బస్సెక్కుతుందట. ఊళ్ళో పొలం చూసుకోవాలట. ఇప్పుడేం పొలమే అంటే చెప్పదు. ఏడ్చినట్టుంది మొహం."

"ఎంతసేపయింది?"

"పావుగంట ఉంటుంది."

ప్రిమితివా గరిటె అందుకుంది. కూతురి వైపు తిరిగింది. "నేను అంత దూరం పరిగెత్తలేను. నువ్వు వెళ్ళు."

పటకమాయ బస్సులు ఆగే మూల అక్కణ్ణుంచి పదకొండు వీధులు. ఎర్లిందా పరిగెత్తింది. బంగాళాదుంపల బస్తాల మధ్య నుంచి, అప్పుడే గుడారాలు విప్పుతున్న బట్టల కొట్ల ముందు నుంచి, మినీబస్సుల హారన్ల మధ్య నుంచి. నాలుగో వీధిలో ఒక కుక్క వెంటపడి, ఐదో వీధిలో విసుగొచ్చి మానుకుంది. రెండు నెలల క్రితమైతే ఆ కుక్క నోట్లో పడి ఉండేది. ఎనిమిదో వీధి దాటినా గుండె మాట వింటూనే ఉంది. తొమ్మిది, పది. ఆ ఊపిరి అమ్మ పెట్టిన ఊపిరి, అత్త దాచిన రహస్యం పెట్టిన ఊపిరి. అత్త ఆ చీటీ తనదని చెప్పుకుని ఉంటే, ఇంట్లోవాళ్ళు ఆ పొద్దుటి సమయమంతా ఆవిడ కోసమే ఖర్చుపెట్టేవాళ్ళు. దాన్ని మేనకోడలికి వదిలేసింది బెనితా.

మూల తిరిగేసరికి బస్సు కదిలింది. మూడో కిటికీలో గోధుమరంగు స్వెట్టరు. ఎర్లిందా పక్కనే పరిగెడుతూ అరచేత్తో బస్సు రేకుని బాదింది. "అత్తా. అత్తా, దిగు."

బెనితా చూసింది. ఎర్లిందా చేతిలో విప్పి ఉన్న కాగితాన్నీ చూసింది. పెదాలు ఏదో అన్నాయి, అద్దం వెనక వినపడలేదు. తర్వాత కిటికీ తెర లాగేసుకుంది.

బస్సు రోడ్డు మలుపులో కాస్త ఆగింది. కండక్టరు తలుపులోంచి సగం బయటికి వంగి, మట్టిబూట్లతో, చెమటతో, చేతిలో ఒక్క కాగితం తప్ప ఏమీ లేని ఆ పిల్లని పైకీ కిందకీ చూశాడు.

"ఎక్కుతావా లేదా అమ్మాయ్? తలుపెయ్యాలి."

డ్రైవరు తల పైన గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. పటకమాయ వెళ్ళడానికే రెండు గంటలు. కండరాల పరీక్ష ఏడున్నరకి. ఆ పరీక్షకి రాని వాళ్ళకి సోమవారం హాలు టికెట్టు ఇవ్వరు.

ఎర్లిందా కమ్మీ పట్టుకుని పైకెక్కింది. వెనకాల తలుపు మూసుకుంది.